పసుపు సంచి

ఎనిమిది గంటలకు పెద్ద డాక్టరు వచ్చి అక్క కాలి మీది గుడ్డ తీయించాడు. ముందు రోజు సగం పాదం దగ్గర ఆగిన నలుపు మడమ దాటి వచ్చింది. ఆయన ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. వెనక నిలబడ్డ చిన్న డాక్టర్లలో ఒకడు మాత్రం ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మోకాలి కింద తీసెయ్యాలి," అన్నాడు డాక్టరు తమిళంలో. "ఈ రోజు పన్నెండు గంటలకు థియేటరు ఖాళీ. అది తప్పితే ఎల్లుండే. ఎల్లుండికి విషం ఒళ్ళంతా పాకుతుంది. అప్పుడు కాలి సంగతి కాదు, మనిషే దక్కదు. సంతకం పెట్టండమ్మా."

కాగితం, పెన్ను మంచం పక్కనున్న ఇనుప పెట్టె మీద పెట్టి వెళ్ళిపోయారు. అక్క వాటి వైపు చూడలేదు. వద్దని కూడా అనలేదు. కిటికీ వైపు తిరిగి పడుకుంది.

అక్క పేరు కుప్పమ్మాళ్. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. పుదుచ్చేరి పక్క ఏంబలం పల్లెలో మా ఇళ్ళు రెండూ పక్కపక్కనే. బావ పోయి పదకొండేళ్ళయింది, పిల్లలు లేరు. షుగరు వచ్చినప్పటి నుంచి ఆమెకు అరికాళ్ళ మంటలు. సాయంత్రమైతే మా మడిలో మోటారు నీళ్ళు పడే చోట గట్టు మీద కూర్చుని, రెండు కాళ్ళూ నీళ్ళలో పెట్టుకునేది. అక్కడే నత్తగుల్ల గీసుకుంది. మంటల కాలికి నొప్పి తెలియలేదు. మేము చూసేసరికి బొటనవేలు రంగు మారింది.

పుదుచ్చేరి పెద్దాస్పత్రిలో చేర్చిన రోజు డాక్టరు రెండు వేళ్ళు తీయాలన్నాడు. అక్క కిటికీ వైపు తిరిగింది. రెండో రోజు సగం పాదమన్నాడు. అప్పుడూ అంతే. ఇది మూడో రోజు.

ఆమె కిటికీలోంచి ఏం చూస్తుందో నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. మా వార్డు వెనక ఒక రేకుల కొట్టం ఉంది. దానికి ఇటుకల పొగగొట్టం. పొద్దున తొమ్మిదికి, సాయంత్రం నాలుగుకి ఊడ్చే మనిషి సెంగమలం థియేటరు వైపు నుంచి బండి తోసుకొస్తుంది. బండిలో పసుపు రంగు సంచులుంటాయి. వాటిని కొట్టంలో వేసి తలుపు మూస్తుంది. కాసేపటికి గొట్టంలోంచి పొగ వస్తుంది. మొదటి రోజే అక్క ఆమెను అడిగింది, ఏం కాలుస్తాండావు అని. "థియేటర్ల కోసినవి, ఇంకేముంటాయి," అంది సెంగమలం, చీపురు ఆపకుండా.

నేను విన్నాను. ఏమీ అనలేదు. అక్కా అనలేదు. కొన్ని మాటలు రోగి మంచం దగ్గర నోట్లోంచి రాకూడదని మా అమ్మ చెప్పేది. వస్తే అవి జరుగుతాయట.

తొమ్మిదిన్నరకు నర్సు నిర్మల వచ్చింది. ఆమె వెంట కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ, చేతిలో అట్ట, అట్టకు క్లిప్పుతో బిగించిన కాగితాలు. నిర్మల రెండు రోజులుగా మాకు తెలిసిన మనిషే. పుదుచ్చేరిలోనే, కురుచికుప్పం పక్క వీధి వాళ్ళది, నాన్న మిల్లులో పని చేసి రిటైరయ్యాడు, ఇంట్లో మాట తెలుగు. ఆ పిల్ల నోట తెలుగు వినగానే అక్క మొదటి రోజే ఆమెను పాపా అని పిలవడం మొదలుపెట్టింది. ఇవాళ ఆ పిల్ల ముఖం వేరేగా ఉంది. జడ బిగించి కట్టుకుంది. టోపీకి రెండు పిన్నులు ఎక్కువ పెట్టుకుంది.

"పెద్దమ్మా, ఈమె జయంతి మేడమ్. నర్సింగ్ కాలేజీలో పాఠం చెప్తారు. ఈ పొద్దు నాకు పరీక్ష. నువ్వే నా కొచ్చిన్ పేపరు."

"నేనేం చదువుకున్నాననే పాపా," అంది అక్క కిటికీలోంచి కళ్ళు తీయకుండా.

జయంతి మేడమ్ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమెదీ తెలుగిల్లే. మాట మాత్రం సగం ఇంగ్లీషు. నాకు చెప్పింది: "సునామీ వచ్చినప్పుడు మందులిచ్చాం, కట్లు కట్టాం. మనుషులు లోపల ఏమైపోతున్నారో ఎవరూ చూడలేదు. అందుకే ఈ అసెస్‌మెంట్ పెట్టాం. రోగికి దేవుడు, నమ్మకం, మనసు, వీటిలో నర్సు ఎంత తోడుండగలదు అని. గంట టైమ్. ఇరవై నాలుగు ప్రశ్నలు. మీరు పక్కనే ఉండండి, మీకూ చివర్లో ఒక ఫారం ఉంటుంది."

నేను తలూపాను. కాంట్రాక్టు నర్సులు ఆరుగురని, ఈ పరీక్షతో పర్మనెంటు అయ్యేది నలుగురేనని ముందు రోజు పక్క మంచం పట్టమ్మాళ్ చెప్పింది. వీరాంపట్టినం ఆమె, తుంటి విరిగి నెలగా పడుకుని ఉంది. వార్డులో ఆమెకు తెలియనిది లేదు.

నిర్మల మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, నీకు దేవుడి మీద నమ్మకం ఉండాదా?"

"ఆయనకి నా మీద ఉండాదేమో అడుగు."

పట్టమ్మాళ్ దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుంది. మేడమ్ పెన్ను కదిలింది.

"కష్టం వచ్చినప్పుడు ఎవురిని తలుచుకుంటావు?"

"కరెంటోళ్ళని. త్రీ ఫేసు ఇచ్చేది వాళ్ళే గదా."

"పెద్దమ్మా, నిజంగా చెప్పు."

"నిజమే పాపా."

నిర్మల జేబులోంచి చిన్న పటం తీసింది. వేలాయుధం పట్టుకున్న మురుగన్. అక్క దాన్ని కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చేసింది.

"మా ఇంట్ల పెరుమాళ్ళు. ఈయన మేనల్లుడు వరస. పండక్కి పిలుస్తాం, పంచాయితీకి పిలవం."

మామూలు రోజైతే నేను నవ్వేవాణ్ణి. గోడ మీది గడియారం తొమ్మిదీ యాభై చూపిస్తోంది. ఇనుప పెట్టె మీద కాగితం ఫ్యాను గాలికి లేచి పడుతోంది. దాని మీద నేనే మందు సీసా బరువు పెట్టాను.

ప్రార్థన చేద్దామా అని అడిగింది నిర్మల. నువ్వు చెయ్యి, నేను వింటాండా అంది అక్క. పూజారిని పిలిపించమంటావా అంటే, ఆయనొచ్చి కాలు నాకుతాడా అంది. ఒక్కో జవాబుకీ మేడమ్ ఒక అంకె వేస్తోంది. నేను కూర్చున్న చోటికి అంకెలు కనబడుతున్నాయి. సున్నా, ఒకటి, ఒకటి, సున్నా. నిర్మల కూడా చూస్తోంది. ఆమె మెడ మీద చెమట కాలర్‌లోకి జారుతోంది.

పదకొండో ప్రశ్న దగ్గర ఆమె ఆగింది. కాగితం మీద వేలు పెట్టి ఒకసారి లోపల్లోపల చదువుకుంది.

"అడగండి," అంది మేడమ్.

"పెద్దమ్మా... చావు గురించి నీకు భయంగా ఉండాదా?"

పట్టమ్మాళ్ నవ్వు ఆగిపోయింది. "ఏమ్మా, కత్తి పెట్టే నాడా ఆ మాట అడిగేది?" అంది తమిళంలో, ఎటో చూస్తూ.

అక్క దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. దుప్పటి కింద ఆమె ఊపిరి కనబడుతోంది, గబగబా. జ్వరం పెరిగిందని నాకు అర్థమైంది.

"నెక్స్ట్," అంది మేడమ్.

నిర్మల కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంది. "కట్టు మార్చే టైమయింది మేడమ్," అని ట్రే తెచ్చుకుంది. మేడమ్ చేతి గడియారం చూసుకుంది గాని అడ్డు చెప్పలేదు.

ఆ పిల్ల కట్టు విప్పే తీరు నేను రెండు రోజులుగా చూస్తున్నాను. నారు పెరికేవాళ్ళలో కొందరుంటారు, వేరు తెగకుండా తీస్తారు. అట్లాంటి చెయ్యి. గుడ్డ అంటుకున్న చోట నీళ్ళు పోసి ఆగుతుంది. మాట్లాడదు. విప్పిన గుడ్డలు కింద బక్కెట్లో వేసింది. బక్కెట్లో పసుపు సంచి తొడిగి ఉంది.

అక్క దుప్పటి కొంచెం దించింది. పుండు వైపు చూడలేదు. బక్కెట్ వైపు చూసింది.

"అది యాడికి పోతాది పాపా?"

"సంచి కట్టి వెనక్కి తీసుకపోతారు పెద్దమ్మా."

"కాలుస్తారు."

నిర్మల చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "కాలుస్తారు," అంది.

అక్క మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. నిర్మల ఆమె చూపు వెంట చూసింది. కొట్టం, గొట్టం, ఉదయం పొగలో మిగిలిన చివరి ముక్క. తరువాత నా వైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. దించుకోవడమే తప్పయింది, లేకపోతే ఆమెకు తెలిసేది కాదు.

కట్టు కట్టడం అయ్యాక చేతులు కడుక్కుని, "మామా, కొంచెం బయటికి రాండి," అంది.

వరండాలో స్తంభం పక్కన నిలబడ్డాం. మేడమ్ తలుపు దగ్గరికి వచ్చి ఆగింది.

"మామా, మీకు తెలుసు గదా?"

నేను చేతిలోని తువ్వాలు ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాను.

"పన్నెండు దాటితే ఆ కాలిని ఎవురూ ముట్టుకోరు మామా. ఎల్లుండి ఆమె ఉంటాదో లేదో నాకు తెలీదు. చెప్తే చెప్పండి. లేదంటే నేను పోయి మిగతా కొచ్చిన్లు చదువుతా."

అప్పుడు చెప్పాను. అంత పొడుగు మాట నేను ఎప్పుడు మాట్లాడానో గుర్తు లేదు.

"మా ఇండ్లల్ల మనిషికి ఒకటే నిప్పు. అయినవాడు పెట్టాల. అక్కకి బిడ్డలు లేరు. బావ పోయిన నాడు నా చెయ్యి పట్టుకుని చెప్పింది, నా కొరివి నీదిరా అని. ఈడ కోసింది ఆ కొట్టంల వేస్తారు. బతికుండంగనే మనిషిల ఒక భాగానికి ఎవరో దోవన పొయ్యేవాళ్ళు నిప్పు పెట్టినట్టు. ఆ మీద నేను పెట్టేది రెండోది. రెండో కొరివి కొరివి కాదు. ఆమె బావ దగ్గిరికి పోలేదు, ఈడా ఉండలేదు."

"ఆమె చెప్పిందా?"

"చెప్పదు. కత్తి ముందర కొరివి మాట నోట్ల రాకూడదు."

"మీరిప్పుడు చెప్పినారే."

"నువ్వు అడిగినావు."

ఆమె పైకి చూసి ఒకసారి ఊపిరి వదిలింది. "కాలు మీకిస్తే ఏం చేస్తారు?"

"మా మడిల పూడుస్తా. పూడిస్తే నిప్పు లెక్క కాదు."

"ఇచ్చేదానికి రూలు ఉండాది మామా. ఎవురూ అడగరు, అందుకే ఎవురూ ఇవ్వరు. ఆర్.ఎం.ఓ. సంతకం కావాల." ఆస్పత్రి వ్యవహారాలు చూసే డాక్టరు ఆయన. ఆఫీసు ముందు కట్టడంలో ఉంది.

ఆమె రెండడుగులు వేసేసరికి మేడమ్ పిలిచింది.

"నిర్మలా, ఎక్కడికి? ఇంకా ఇరవై నిమిషాలుంది. పదమూడు ప్రశ్నలున్నాయి. వెళ్ళిపోతే అన్నీ సున్నాలు వెయ్యాలి నేను."

"వెయ్యండి మేడమ్."

"ఇది స్పిరిచ్యువల్ కేర్ కాదమ్మా, పేపర్ వర్క్. దానికి క్లర్కులున్నారు."

నిర్మల వెనక్కి తిరిగింది. ఏదో గట్టిగా అంటుందనుకున్నాను. "ఆమెకి నిప్పంటే భయం మేడమ్. నేను ఇంతసేపూ దేవుణ్ణి అడుగుతాండా," అని మెట్లు దిగిపోయింది.

నేను లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చున్నాను. పదీ ఇరవై. అక్క ఒళ్ళు ముట్టుకుంటే కాలిపోతోంది.

"ఆ పిల్ల యాడికి పోయె?"

"కాగితం తెచ్చేదానికి."

"ఏం కాగితం?"

మూడు రోజులుగా మింగిన మాట. ఇప్పటికే ఒకసారి బయటికొచ్చింది కాబట్టి రెండోసారి అంత కష్టం కాలేదు.

"అక్కా, నీ కాలు కాల్చనియ్యను."

ఆమె కిటికీ నుంచి ఇటు తిరిగింది. మూడు రోజుల్లో మొదటిసారి నన్ను నిండుగా చూసింది.

"ఎవురు చెప్పినారు నీకు?"

"నువ్వు ఆ గొట్టం చూస్తాంటే."

"ఎప్పుడు?"

"మొదటి దినం."

ఆమె మెల్లగా అంది: "అప్పుడు రెండు వేళ్ళేరా గోవిందా."

"నువ్వూ చెప్పి ఉండచ్చు."

"చెప్పి ఉండచ్చు."

ఇద్దరం ఆ కాలిని చూశాం. తెల్లటి కొత్త కట్టు. కట్టు పైన చర్మం మెరుస్తోంది, ఉబ్బి. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని కొమ్మంది అనే మా ఊరి కట్ట మీద నడిచిన కాలు. రెండు వేళ్ళతో పోవలసింది. మా ఇద్దరి నోళ్ళు మూసుకుని ఉండటం వల్ల మోకాలి దాకా వచ్చింది.

"పెట్టక్కా సంతకం," అన్నాను పెన్ను అందిస్తూ.

"ఆస్పత్రి నీ మాట వింటాదా? కాగితం రానీ."

పదకొండూ పది. రాలేదు. పదకొండూ ఇరవై అయిదుకు థియేటరు వాళ్ళు చక్రాల మంచం తోసుకొచ్చారు. "పద్నాలుగో నంబరు మంచం సంతకం అయిందా? కాకపోతే పురుషుల వార్డులో హెర్నియా కేసుంది, అది ఎక్కిస్తాం," అన్నాడు ముందున్నవాడు.

నేను లేచాను. ఒక్కసారి తెరుచుకున్న నోరు మళ్ళీ మూసుకుపోయింది.

"ఆగండి," అంది జయంతి మేడమ్. ఆమె ఇంకా వెళ్ళలేదు. స్టూలు మీదే ఉంది, అట్ట ఒళ్ళో పెట్టుకుని. గంట ఎప్పుడో దాటిపోయింది.

"డాక్టరు అరుస్తారు మేడమ్."

"నా పేరు చెప్పండి. పది నిమిషాలు."

వాడు గోడకానుకుని నిలబడ్డాడు. చక్రాల మంచం వార్డు మధ్యలో అడ్డంగా ఉంది. గడియారంలో సెకన్ల ముల్లు ఒక్కో గీత దగ్గర చిన్నగా వణికి ముందుకు పోవడం నేను చూస్తూ ఉన్నాను.

పదకొండూ ముప్పై ఎనిమిదికి నిర్మల వచ్చింది. పరిగెత్తలేదు, వార్డులో పరిగెత్తకూడదు. కాని మెట్లు ఎట్లా ఎక్కిందో ఆమె రొమ్ము ఎగిరిపడటంలో తెలుస్తోంది. టోపీ ఒక పక్కకు జారింది.

ఆర్.ఎం.ఓ. మీటింగులో ఉన్నాడట. లోపలికి పోనివ్వలేదట. టీ తీసుకుపోయే మనిషి వెనకే దూరి ఆయన పక్కన నిలబడిందట. ఇదంతా తరువాత తెలిసింది. అప్పుడు ఆమె చెప్పింది ఒక్కటే.

"పెద్దమ్మా, చూడు. కాలు మీ తమ్ముడికి ఇచ్చేదని రాసుండాది. ఇది ఆర్.ఎం.ఓ. సంతకం. కింద ఇంకో సంతకం కావాల. అది కోసిన డాక్టరు థియేటర్లనే పెట్టాల, కోసినాక."

అక్క ఆ ఖాళీ గీత వైపు వేలు చూపించింది. "ఆయన పెట్టకపోతే?"

పెట్టకుండా ఎందుకుంటాడని నిర్మల అనలేదు. దేవుడున్నాడు అనలేదు.

"పెట్టకపోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు. నా డ్యూటీ వార్డుల. కాని థియేటరు సిస్టర్‌ని అడిగినా, లోపలికి రానిస్తానంది. ఆ బక్కెట్ పక్కన నేను నిలబడతా. సంతకం పడే దాకా దాన్ని ఎవురూ ముట్టుకోరు. ఇంతే నేను చెప్పగలిగేది."

"నీకేం వస్తాది దీంతో?"

"ఏమొస్తాది. పరీక్ష పోయె."

అక్క పెదవి ఒక పక్కకు లాగింది. నవ్వే. మూడు రోజుల తరువాత.

"కొచ్చిన్ పేపరే సరిగ లేదులే," అంది. "పెన్ను తే."

బ్యాంకులో పెట్టే సంతకం, ఆరు తమిళ అక్షరాలు, ఒక్కోటి ఆగి ఆగి పెట్టింది. చక్రాల మంచం మీదికి ఎత్తేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"మైల పట్టొద్దు. ఏడుపు వద్దు. తల మీద నీళ్ళు పోసుకోవద్దు. నేనింకా ఉండా."

"సరి," అన్నాను.

థియేటరు వెనక తలుపు దగ్గర రెండు దాటే దాకా నిలబడ్డాను. సెంగమలం బండి పక్కన పెట్టి గుమ్మంలో కూర్చుని ఉంది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఇద్దరం తలెత్తాం. ఒకసారి ఒక కుర్ర డాక్టరు వచ్చి సంచులు తీసుకుపొమ్మన్నాడు. ఆమె లోపలికి పోయింది. రెండు పసుపు సంచులతో వచ్చింది. వాటి వైపు చూశాను, ఆకారం తెలుస్తుందేమోనని.

సెంగమలం నా చూపు చూసింది. సంచులు నేల మీద పెట్టి, ఒక్కోదాన్నీ పైనుంచి నొక్కి చూపించింది. మెత్తగా లోపలికి పోయాయి.

"గుడ్డలు అన్నా. మీది ఆ పిల్ల పట్టుకుని నిలబడి ఉంది. డాక్టరు అరిచినా కదలలేదు."

రెండుంబావుకు నిర్మల వచ్చింది. పచ్చటి థియేటరు బట్టల్లో ఉంది, జుట్టంతా గుడ్డలో దాచి. చేతిలో తెల్లగుడ్డలో చుట్టిన మూట. పైన కాగితం. కింది గీత మీద సంతకం పడి ఉంది, గీత దాటి, కోపంగా పెట్టినట్టు.

"పెద్దమ్మ బాగుండాది," అంది ముందు. తరువాత మూట ఇచ్చింది.

అప్పుడే పుట్టిన బిడ్డ కంటే బరువుగా ఉంది. ఇంకా పూర్తిగా చల్లారలేదు. దాన్ని ఎట్లా పట్టుకోవాలో ఎవరూ నాకు నేర్పలేదు. రెండు చేతుల మీదా అడ్డంగా పట్టుకున్నాను.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. మూట విప్పమన్నాడు. కాగితం ఇచ్చాను. చదివాడు, మూట వైపు చూశాడు, మళ్ళీ చదివాడు. కాగితం మడిచి నా చొక్కా జేబులో తనే పెట్టి, గొలుసు దించాడు. ఆటోవాడికి ఏంబలం అని మాత్రం చెప్పాను. దారి పొడుగునా గాలి, తమిళుల ఆడి నెల గదా. వీరాంపట్టినం అమ్మవారి తేరుకు పోయే జనం బస్సుల్లో వేలాడుతున్నారు.

మోటారు నీళ్ళు మొదట పడే మూల, ఆమె కూర్చునే గట్టు పక్కన తవ్వాను. నడుము లోతు. చనిపోయిన మనిషికి తల దక్షిణం పెడతాం. బతికున్న మనిషి కాలికి ఏ దిక్కో నాకు తెలియదు. అడగడానికి పోతే ఊరంతా చావు మాట అవుతుంది. పార మీద చెయ్యి పెట్టుకుని కొంతసేపు ఆలోచించి, వేళ్ళు ఇంటి వైపు ఉండేటట్టు పెట్టాను. పసుపు చల్లలేదు, దీపం పెట్టలేదు, పువ్వు వెయ్యలేదు. మన్ను కప్పి తొక్కాను. స్నానం చెయ్యలేదు. నాట్లు వేసి వచ్చినవాడిలా కాలువలో చేతులు కాళ్ళు కడుక్కున్నాను. కరెంటు ఉంది. మోటారు వేసి, నీళ్ళు ఆ మూలకు తిప్పి, తిరిగి ఆటో ఎక్కాను.

వార్డుకు వచ్చేసరికి ఆరున్నర. అక్క మెలకువగానే ఉంది. దుప్పటి ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క సగంలో పల్లంగా ఉంది. ఆమె అది చూడకుండా నా గోళ్ళలోని మట్టి చూసింది.

"నిప్పు?"

"లేదు."

"స్నానం?"

"చెయ్యలేదు."

కళ్ళు మూసుకుంది.

జయంతి మేడమ్ వచ్చింది. ఉదయం చూసిన చీరే, నలిగి ఉంది. రోగి తరఫు వాళ్ళకు వేరే కాగితం. తనే చదివింది, నేను జవాబు చెప్పాలి.

"నర్సు మీ రోగితో దేవుడి గురించి మాట్లాడి ధైర్యం చెప్పిందా?"

"లేదు."

"కలిసి ప్రార్థన చేసిందా?"

"లేదు."

"పూజారినో, మత పెద్దనో పిలిపించిందా?"

"లేదు."

ప్రతి లేదు దగ్గరా ఆమె పెన్ను గీత గీస్తోంది. నా నోటితో ఆ పిల్ల మార్కులు నేనే కొట్టేస్తున్నానని తెలుసు. అబద్ధం చెప్పవచ్చు. కాని ఉదయమంతా ఈమె అక్కడే ఉంది, అన్నీ చూసింది.

"మేడమ్," అన్నాను. "సంచి పక్కన నిలబడిందా అని ఒకటి రాసుకోండి."

"అది ఫారంలో లేదయ్యా."

"లేదు. అందుకే చెప్తాండా."

ఆమె కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "ఈ ఫారంలో నేను సున్నాలే వెయ్యాలి," అంది. "వేశాను కూడా. వేరే కాగితం మీద రాసి పైకి పంపిస్తాను. చదువుతారో లేదో చెప్పలేను. మీరు ఉదయం వరండాలో ఆమెతో చెప్పింది మళ్ళీ చెప్పండి. మెల్లగా. రాసుకుంటాను."

ఒకే రోజు మూడోసారి. చెప్పాను. ఆమె కాగితం వెనక వైపు రాసుకుంది. కొరివి అన్న చోట ఆగి, ఇంగ్లీషులో ఏమనాలో అని కాసేపు చూసి, తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది.

డ్యూటీ దిగి ఇంటికి పోయే ముందు నిర్మల వచ్చింది. చీరలో ఉంటే ఇంకా చిన్నపిల్లలా ఉంది. మేడమ్‌ను చూసి గుమ్మంలోనే ఆగింది. మేడమ్ రాస్తూనే తలూపింది, రమ్మని.

"నొప్పి ఉండాదా పెద్దమ్మా?"

అక్క కళ్ళు తెరిచింది. ఏదో వింటున్నట్టు ముఖం పెట్టింది.

"ఒరే గోవిందా. ఆ కాలి వేళ్ళు తెలస్తాండాయిరా నాకు."

నేను నిర్మల వైపు చూశాను. కొందరికి అట్లా ఉంటుందని ఆమె మెల్లగా చెప్పింది. లేని కాలు ఉన్నట్టు తెలుస్తుందట. నొప్పి కూడా అట్లాగే ఉంటుందట. మంట ఉంటే చెప్పు, మందిస్తాం అంది అక్కతో.

"మంట లేదే," అంది అక్క. "ఆరేళ్ళుగ మండతా ఉండె. ఇప్పుడు చల్లగ ఉండాది." మళ్ళీ నా వైపు తిరిగింది. "నువ్వు మోటారు వేసి వచ్చినావా?"

"వేసినా."

"ఆపే మనిషికి చెప్పినావా?"

చెప్పలేదు. ఆ సంగతే మరిచిపోయాను. నీళ్ళు ఆ మూల నుంచి మడి అంతా నిండి పక్క వాళ్ళ గట్టు దాటుతూ ఉంటాయి.

"పోయి ఫోన్ చెయ్యి పో," అంది అక్క. "నారు కుళ్ళిపోతాది."